పత్రంలో లేని పేరు

యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పగానే మనకు కాన్సర్ మందు గుర్తుకొస్తుంది. కానీ ఆయన పేరుతో అచ్చయిన పరిశోధన పత్రాల్లో ప్రపంచం ఎక్కువగా వాడుకున్న వాటిలో ముందు చెప్పాల్సినదానికి కాన్సర్‌తో సంబంధమే లేదు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి అది. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో ప్రకటించారు. ఆ తర్వాత వేలాది పత్రాలు దాన్ని ఉదహరించాయి. మన మెడికల్ కాలేజీల ల్యాబుల్లో తరాల తరబడి విద్యార్థులు ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ అంటూ అదే ప్రయోగం చేశారు.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుకు బలయ్యారు. ఆయనకూ అదే జబ్బు చేస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. మద్రాసులో చదువుకుంటూ ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1922లో బోస్టన్‌లో దిగారు.

ఇక ఆ కొలత సంగతి. భాస్వరం ఉన్న ద్రావణంలో మాలిబ్డేట్, తగిన క్షయకారిణి కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఉన్నట్టు. అంతకుముందున్న పద్ధతి కంటే ఇది తేలిక, నమ్మకం ఎక్కువ. అసలు విశేషం కండరాల సారాన్ని పరీక్షించినప్పుడు బయటపడింది. రంగు వెంటనే పూర్తిగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే మందులో కల్తీ అనో, చేతిలో లోపమనో పారబోసేవారేమో. వీళ్లు ఆ ఆలస్యం ఎందుకా అని ఆరా తీశారు. ఆమ్లంలో మెల్లగా విడిపోతూ భాస్వరాన్ని వదిలే పదార్థం ఒకటి కండరంలో ఉందని తేలింది. అది ఫాస్ఫోక్రియేటిన్. ఆ ఫలితం 1927లో వచ్చింది, 1929లో కణానికి శక్తినందించే ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. జీవకణం శక్తిని ఎలా ఖర్చు పెడుతుందో చెప్పే శాస్త్రానికి పునాది వేసిన పని ఇది. అయినా ఆయన పనిచేస్తున్న హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

అక్కడ ఆయన బృందం కాలేయంలోని ఒక పదార్థం వెంట పడింది. 1930 ప్రాంతంలో బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను లూసీ విల్స్ ఈస్ట్ సారంతో నయం చేసినప్పుడు, అందులో పనిచేసింది ఈ పదార్థమే. 1945లో లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు దాన్ని కృత్రిమంగా తయారు చేశారు. అదే ఫోలిక్ ఆమ్లం. స్ప్రూకు కూడా అది మందయింది. అప్పటికే అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషికి ఆ కబురు ఎలా వినిపించి ఉంటుందో! దాని నిర్మాణం గురించి 1946లో ‘సైన్స్’లో వచ్చిన పత్రంలో 16 మంది పేర్లున్నాయి. వాటి మధ్యలో ఎక్కడో సుబ్బారావు పేరు.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలను లుకేమియా రోగులకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఊపందుకున్నట్టు కనిపించింది. అయితే ఆ ఆమ్లాన్ని అడ్డుకుంటే? లెడర్లీ వాళ్లు దాని అణువులో ఒక హైడ్రాక్సిల్ గుంపు తీసి అమైనో గుంపు పెట్టారు. కణం దాన్ని ఫోలిక్ ఆమ్లమే అనుకుని పట్టుకుంటుంది, కానీ దాంతో కొత్త డీఎన్‌ఏ కట్టుకోలేక ఆగిపోతుంది. ఆ మందు అమినోప్టెరిన్. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అప్పటిదాకా లుకేమియా పిల్లల విషయంలో ఇలాంటిది ఎవరూ చూడలేదు.

ఆ ఫలితం 1948 జూన్‌లో ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చింది. రచయితలు ఫార్బర్, ఆయన వైద్య బృందం. మందు తయారీ గురించి అంతకుముందు ఏడాది వచ్చిన రసాయన పత్రంలో సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ పేర్లున్నాయి. రెండింటి రచయితల్లోనూ సుబ్బారావు లేరు. రోగుల పక్కన నిలబడినవారు, ఫ్లాస్కు పట్టినవారు రచయితలు కావడం న్యాయమే. కానీ ఏ అణువు వెంట పడాలో నిర్ణయించి, ఇంతమందిని ఒక దారిలో నడిపిన మనిషికి రచయితల జాబితాలో చోటుండదు. అందుకే పత్రాలు, ఉదహరింపులు లెక్కపెట్టి సుబ్బారావును తూచబోతే భాస్వరం కొలిచినాయనగానే మిగులుతారని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆయన 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువుగా వచ్చిందే మెథోట్రెక్సేట్. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ దానితో ఒక రకం గర్భకోశ కాన్సర్‌ను పూర్తిగా నయం చేయవచ్చని చూపారు. పిల్లల లుకేమియా చికిత్స చివరి దశలో నెలల తరబడి ఇచ్చే మందుల్లో ఈ మాత్రలూ ఉంటాయి. కీళ్లవాతానికి డాక్టర్లు వారానికోసారి వేసుకోమని రాసేది కూడా ఇదే.