పుట్టింటి పేరు పోని చోటు

మీ అమ్మమ్మకు అమ్మమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరేమిటో చెప్పగలరా? కెనడాలోని క్విబెక్ ఫ్రెంచివాళ్ళలో పది తరాల వెనకటి అమ్మమ్మ ఇంటిపేరు కూడా చెప్పగలిగేవాళ్ళకు కొదవలేదు.

అదంతా చర్చి రిజిస్టర్ల చలవ. ఆ దేశం ఫ్రాన్సు చేతిలో ఉన్న రోజుల నుంచీ అక్కడి ఫాదర్లు పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాస్తూ వచ్చారు. స్త్రీకి మాత్రం ఎప్పుడూ పుట్టింటి పేరే రాసేవారు - పదిమంది పిల్లల తల్లయినా, ఆఖరికి సమాధి చేసేటప్పుడైనా సరే! పెళ్ళి రాసిన చోట సాధారణంగా వధూవరుల తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. ఇంకేం, ఆ కొస పట్టుకుని పైపైకి వెళ్ళిపోవచ్చు.

అలా వెళితే చాలామందికి తగిలేది "రాజుగారి కూతుళ్ళు". నిజంగా రాకుమార్తెలేం కారు, పాపం. 1663 నుంచి 1673 దాకా పద్నాలుగో లూయీ సొంత ఖర్చుతో ఓడలెక్కించి పంపిన పెళ్ళికూతుళ్ళు, దాదాపు 770 మంది. అందులో తండ్రి లేని పిల్లలే ఎక్కువ.

చిక్కల్లా మగవాళ్ళ పేర్లతోనే! 1665లో వచ్చిన సిపాయిలకు మారుపేర్లుండేవి. లాఫ్లూర్ అంటే పువ్వు, సాన్సూసీ అంటే చీకూచింతా లేనివాడు. ఒక కొడుకు అసలు పేరు, ఇంకొకడు మారుపేరు నిలుపుకుంటే, మనవల కాలానికి ఒకే వంశం రెండైపోయేది. అప్పుడు దారి చూపేది ఆ ఇంటి కోడలి పుట్టింటి పేరే.

తరవాత్తరవాత భర్త పేరుతో పిలిపించుకునే అలవాటు అక్కడా వచ్చింది. 1981 నుంచి మాత్రం పెళ్ళయినా ఎవరి ఇంటిపేరు వారిదేనని చట్టం. మార్చుకుంటానని భార్య అడిగినా ఓ పట్టాన ఒప్పుకోరు!