వారానికో షిల్లింగు

1687 జూలైలో లండన్ రాయల్ సొసైటీ కౌన్సిల్ కూర్చుని తమ గుమాస్తా జీతం సంగతి తేల్చింది. అతనికి ఏడాదికి 50 పౌండ్లు ఇస్తామని మాట ఇచ్చారు. ఇవ్వడానికి డబ్బుల్లేవు. కాబట్టి 50 పౌండ్ల బదులు 50 పుస్తకాలు తీసుకోమన్నారు. పాత బకాయి కింద ఇంకో 20. అన్నీ ఒకే పుస్తకం ప్రతులు: చేపల గురించి లాటిన్‌లో రాసిన భారీ బొమ్మల పుస్తకం. ఆ గుమాస్తా పేరు ఎడ్మండ్ హేలీ. అవును, తోకచుక్క హేలీయే.

సరిగ్గా ఆ నెలలోనే ఇంకో పుస్తకం అచ్చుపని పూర్తయింది. న్యూటన్ 'ప్రిన్సిపియా'. దాని అచ్చుఖర్చు పెట్టుకున్నది కూడా హేలీయే, సొంత జేబులోంచి.

సైన్సు చరిత్రలో ఇదొక పాత జోకు. నేనూ చాలాసార్లు స్నేహితులకి చెప్పి నవ్వించాను. కానీ సొసైటీ మొదటి నలభై ఏళ్ళ జమాఖర్చులు కాస్త వరసగా చూస్తే ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు. 1687లో జరిగింది పొరపాటు కాదు. ఆ సంస్థ మొదట్నుంచీ అలాగే నడిచింది.

మొదలంటే 1660 నవంబర్ 28. గ్రెషామ్ కాలేజీలో క్రిస్టఫర్ రెన్ ఖగోళశాస్త్రం మీద ఉపన్యాసం ఇచ్చాక పన్నెండు మంది ఒక గదిలో కూర్చున్నారు. వారం వారం కలుద్దాం, ప్రయోగాలు చేద్దాం, వాటి గురించి మాట్లాడుకుందాం అనుకున్నారు. ఆ రోజు రాసుకున్న నిర్ణయాల్లో డబ్బు సంగతి కూడా ఉంది. చేరేటప్పుడు 10 షిల్లింగులు కట్టాలి. ఆ తర్వాత వారానికి 1 షిల్లింగు, వచ్చినా, రాకపోయినా. అప్పట్లో పౌండుకి 20 షిల్లింగులు, అంటే ఏడాదికి మనిషికి 2 పౌండ్ల 12 షిల్లింగులు. విలియం బాల్ అనే ఆయన్ని కోశాధికారిగా పెట్టుకున్నారు. ఒక్క ప్రయోగమన్నా చెయ్యకముందే చందా పుట్టేసింది! మన ఊళ్ళలో సాహితీ సంఘం పెట్టినవాళ్ళకీ, చిన్న పత్రిక నడిపినవాళ్ళకీ ఇందులో వింతేమీ కనపడదు. "వచ్చినా రాకపోయినా" అన్న మాట ఎందుకు పడిందో కూడా వాళ్ళకి చెప్పక్కర్లేదు.

1662లో, మళ్ళీ 1663లో రాజు రెండవ చార్లెస్ సన్నదులిచ్చాడు. సంస్థకి 'రాయల్' అన్న పేరొచ్చింది, సమావేశంలో బల్లమీద పెట్టుకోవడానికి ఒక రాజదండం వచ్చింది. డబ్బు మాత్రం రాలేదు. కొన్నేళ్ళకే, 1666లో, పారిస్‌లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ పెట్టించిన అకాడమీలో సభ్యులకి రాజు ఖజానా నుంచే భృతి వచ్చేది. లండన్ వాళ్ళకి ఎవరు సభ్యులో, ఏం ప్రయోగం చెయ్యాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉంది. దాని ఖరీదు వాళ్ళే కట్టుకోవాలి.

సన్నదులో పాలనకి సంబంధించిన ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. కౌన్సిల్‌లో మొత్తం 21 మంది. ఏటా నవంబర్ 30న, సెయింట్ ఆండ్రూ పండగ రోజున, ఎన్నికలు. పాతవాళ్ళలో 11 మంది ఉంటారు, 10 మంది దిగిపోతారు, కొత్తగా 10 మంది వస్తారు. అధ్యక్షుడు, కోశాధికారి, ఇద్దరు కార్యదర్శులు కూడా ఆ రోజే ఎన్నికవ్వాలి. ఈ తేదీ మీద జాన్ ఆబ్రీ రాసిపెట్టిన ఒక కబురుంది. సెయింట్ ఆండ్రూ రోజెందుకు, సెయింట్ థామస్ రోజైతే బావుండేదని విలియం పెట్టీ అన్నాడట. చూసి, వేలుపెట్టి తాకిచూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడు థామసే కదా! (మన మైలాపూర్ శాంథోమ్ చర్చి ఆ థామస్ పేరు మీదిదే.) సంస్థ మాత్రం ఆండ్రూనే పట్టుకుంది, ఇప్పటికీ వార్షికోత్సవం నవంబర్ 30నే.

ఎన్నికలు సక్రమంగానే జరిగేవి. షిల్లింగులే రాలేదు.

ఎందుకు రాలేదంటే, చందాల మీదే బతకాలి కాబట్టి ఎక్కువమందిని చేర్చుకున్నారు. చేరినవాళ్ళలో ప్రభువులు, ఆస్థానంలో తిరిగేవాళ్ళు, వైద్యులు, సరదాకి వచ్చిన పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ళలో చాలామంది మొదట్లో ఒకటి రెండు సార్లు వచ్చి గాలి పంపు కింద పిట్ట గిలగిలలాడటం చూసి ఆశ్చర్యపడి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు, చందా కట్టలేదు. కట్టనివాళ్ళ పేర్లు కొట్టేద్దామంటే జాబితాలోంచి పెద్ద పేర్లు పోతాయి, సంస్థ చిన్నబోతుంది. ఉంచుదామంటే బకాయి పెరుగుతుంది. 1670లలో చందా కడతానని చట్టబద్ధంగా హామీపత్రం రాసివ్వమన్నారు, దానితోనూ పెద్దగా ఒరగలేదు.

ఈ లెక్క ఎన్నాళ్ళు సాగిందో చెప్పి ముందుకెళ్తాను. 1830లో చార్లెస్ బాబేజ్ ఇంగ్లండులో సైన్సు దిగజారిపోయిందంటూ ఒక పుస్తకం రాసి సొసైటీ పాలనని ఉతికి ఆరేశాడు. సంఘాలన్నిటికీ రుసుములు కట్టుకుంటూ పోతే పేరు వెనక నలభైకి పైగా అక్షరాల తోక తగిలించుకోవచ్చని, అక్షరానికి సగటున పది పౌండ్ల చిల్లర పడుతుందని లెక్కకట్టి మరీ చూపించాడు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలో రాజుగారి తమ్ముడు ససెక్స్ డ్యూక్ 119 ఓట్లతో గెలిచాడు. ఖగోళశాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌కి 111. ఏటా 15 మందినే, వాళ్ళ పని చూసి ఎంచుకోవాలన్న నియమం 1847లో వచ్చింది. 1918లో రామానుజన్ ఎన్నికైంది ఆ పద్ధతిలోనే.

మళ్ళీ వెనక్కి వద్దాం. చందాలు రాకపోతే దెబ్బ ఎవరికి తగిలింది?

పనిచేసేవాళ్ళకి. ప్రతివారం కొత్త ప్రయోగాలు చేసి చూపించాల్సిన బాధ్యత రాబర్ట్ హుక్‌ది. అతనికి ఏడాదికి 80 పౌండ్లు ఇద్దామనుకున్నారు. ఈలోగా సర్ జాన్ కట్లర్ అనే వ్యాపారి హుక్‌కి జీవితాంతం ఏడాదికి 50 పౌండ్లు ఇస్తా, ఉపన్యాసాలు చెప్పమన్నాడు. వెంటనే సొసైటీ, అయితే మేం 30 ఇస్తే చాలు కదా అంది! దాత ఇచ్చినది హుక్‌కి అదనంగా రాలేదు, సంస్థ ఖర్చు తగ్గడానికి పనికొచ్చింది. తీరా కట్లర్ డబ్బు ఇవ్వడం మానేశాడు. హుక్ కోర్టుకెక్కాడు. కట్లర్ 1693లో చనిపోయాడు, కేసు మాత్రం మిగిలింది. 1696 జూలై 18న తీర్పు హుక్‌కి అనుకూలంగా వచ్చింది. ఆ రోజు అతని పుట్టినరోజు, అరవై ఒకటో ఏడు.

కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ సంగతీ అంతే. యూరప్ నలుమూలల నుంచీ వచ్చే ఉత్తరాలన్నీ ఆయనే చూసేవాడు, జవాబులు రాసేవాడు, అనువాదాలు చేసేవాడు. ఇన్నేళ్ళ పనికి జీతం లేదు. 1665 మార్చిలో మొదలైన 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' పత్రిక ఆయన సొంత వ్యాపారం. నాలుగు రాళ్ళొస్తాయన్న ఆశ కూడా దాని వెనకుంది, పెద్దగా రాలేదు. ఇవాళ సైన్సు పత్రికలన్నిటికీ తాతలాంటి ఆ పత్రికని 1752లో గానీ సొసైటీ తన ఖర్చుమీద తీసుకోలేదు. ఓల్డెన్‌బర్గ్‌కి 1669 నుంచి ఏడాదికి 40 పౌండ్లు ఇచ్చారు.

రాజు ఒకసారి ఆస్తి ఇచ్చాడు: చెల్సీ కాలేజీ. కూలిపోతున్న భవనం, చుట్టూ హక్కుల తగాదాలు. 1682లో దాన్ని తిరిగి రాజుకే 1300 పౌండ్లకి అమ్మేశారు. సొసైటీ చేతిలో నికరమైన మూలధనం పడటం దాదాపు అదే మొదటిసారి. దాన్ని ఎక్కడ పెట్టారన్నది నాకు ఈ కథలో అన్నిటికన్నా బరువైన చోటు. ఆ రోజుల్లో సొసైటీ కొన్న వాటాల్లో ఈస్టిండియా కంపెనీవీ, రాయల్ ఆఫ్రికన్ కంపెనీవీ ఉన్నాయి. రెండోది ఆఫ్రికా తీరం నుంచి మనుషుల్ని ఓడల్లో ఎక్కించి అట్లాంటిక్ అవతల బానిసలుగా అమ్మిన కంపెనీ. మొదటిది మనకి తెలిసిందే. 1611 నుంచీ దానికి మచిలీపట్నంలో వర్తక స్థావరం ఉంది. 1680లలో దాని లాభాల్లో పెద్ద భాగం బట్టల నుంచి వచ్చేది, ఆ బట్టల్లో కోరమాండల్ తీరపు నేత చాలానే ఉంది. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో నేసిన తానులకి ఆ పేరే తిరగబడి 'మడపోలం' అయ్యి ఇంగ్లీషువాళ్ళ నోట నిలిచింది. లండన్‌లో ఒక ప్రభువు కట్టని షిల్లింగు లోటు కొంత ఇటునుంచి పూడింది. ఎంత అన్న లెక్క చిన్నదే కావచ్చు. మగ్గం ముందు కూచున్నవాడు మాత్రం ఆ చిట్టాలో ఎక్కడా లేడు.

ఇక చేపలు. ఫ్రాన్సిస్ విలబీ 1672లో చిన్న వయసులోనే చనిపోయాడు. అతను వదిలిన కాగితాల్ని స్నేహితుడు జాన్ రే ఏళ్ళ తరబడి కూర్చుని పూర్తి చేశాడు. 1686లో 'చేపల చరిత్ర'ని సొసైటీ అచ్చేసింది, 500 ప్రతులు. బొమ్మలన్నీ రాగి పలకల మీద చెక్కించినవి, ఖర్చంతా వాటికే. పలకకి ఇంతని సభ్యుల దగ్గర చందాలడిగారు. అప్పటి అధ్యక్షుడు శామ్యూల్ పెప్స్, డైరీల పెప్సే, 50 పౌండ్లిచ్చాడు. అయినా చాలలేదు. పుస్తకం మంచిది, చేపల్ని వర్గీకరించడంలో చాలాకాలం దాన్ని మించింది రాలేదు. కానీ అంత ఖరీదు పెట్టి లాటిన్‌లో చేపల గురించి కొనేవాళ్ళు ఎందరు? గదినిండా ప్రతులు మిగిలాయి.

ఆ స్థితిలో, 1686 ఏప్రిల్ 28న, న్యూటన్ పుస్తకం మొదటి భాగం సొసైటీ ముందుకొచ్చింది. మే 19న సమావేశం దాన్ని సంస్థ ఖర్చుతో అచ్చెయ్యాలని తీర్మానించింది. సమావేశానిదేముంది, చేతులెత్తుతుంది! సంచీ మూతి కౌన్సిల్ చేతిలో ఉంది. జూన్ 2న కౌన్సిల్ ఆ తీర్మానాన్ని కాదనకుండానే మార్చింది: పుస్తకం అచ్చవ్వాలి, హేలీ ఆ పని చూసుకోవాలి, ఖర్చూ తనే పెట్టుకోవాలి. హేలీ సరేనన్నాడు. సొసైటీ పెట్టుబడిగా పెట్టింది అనుమతి, ముఖపత్రం మీద అధ్యక్షుడు పెప్స్ పేరు.

హేలీ అప్పటికి ఆ సంస్థలో ఫెలో కూడా కాదు. ఆ ఏడాది జనవరిలోనే గుమాస్తాగా చేరాడు, జీతం తీసుకునే ఆ పదవి కోసం ఫెలోషిప్ వదులుకున్నాడు. ఉత్తరాలు, మినిట్స్ రాసే పని చేస్తూనే ప్రూఫులు దిద్దాడు, బొమ్మలు చెక్కించాడు. గురుత్వాకర్షణ ఆలోచన తనదేనని హుక్ అనడంతో న్యూటన్ అలిగి మూడో భాగం ఇవ్వనన్నాడు. హేలీ బతిమాలి ఒప్పించాడు. ఆ అలకలో రాసిన ఉత్తరంలోనే న్యూటన్ ఒక మాటన్నాడు: పాత పేరే ఉంచేస్తాను, ఆ పేరుంటే పుస్తకం అమ్ముడవుతుంది, ఇప్పుడది నీది కాబట్టి నీకు నష్టం చెయ్యకూడదు అని. ప్రిన్సిపియాకి ఆ పేరు నిలవడంలో హేలీ పెట్టిన డబ్బుకీ వాటా ఉంది.

చేపల పుస్తకాలు ఈలోగా ఒకరకం నాణేలైపోయాయి. భూగోళం మీద ఒక డిగ్రీ దూరాన్ని కొలిచిచూపిస్తే హేలీకి 50 పౌండ్లు గానీ 50 చేపల పుస్తకాలు గానీ ఇవ్వాలని 1686లో కౌన్సిల్ తీర్మానించింది. పౌండుకో పుస్తకమని మారకపు రేటు అప్పుడే ఖాయమైందన్నమాట. మర్నాడు బజారుకెళ్తే ఆ రేటుకి ఎవరైనా కొంటారా అన్నది కౌన్సిల్ బాధ కాదు. మరుసటేడు జీతం లెక్కలోనూ అదే రేటు పనికొచ్చింది.

హుక్ బకాయిలకీ చేపల పుస్తకాలే ఇవ్వజూపారు. ఆలోచించుకోవడానికి ఆరు నెలలు గడువు కావాలన్నాడు హుక్. ఆ మినిట్స్‌లో నాకు బాగా నచ్చిన వాక్యం ఇదే. అతను పిసినారి అని పేరు. లండన్ తగలబడ్డాక ఊరిని కొలిచి సంపాదించిన డబ్బు అతని పెట్టెలో వేల పౌండ్లుందని చనిపోయాక తెలిసింది. హేలీ తండ్రి కూడా కలిగినవాడే, సబ్బుల వ్యాపారం. వీళ్ళిద్దరూ సొసైటీ జీతం మీదే ఆధారపడ్డవాళ్ళయితే వాళ్ళ పనిలో ఎంత మిగిలేదో ఊహించుకోవచ్చు. అలా ఆధారపడ్డ ఓల్డెన్‌బర్గ్ 1677లో పోయాడు.

న్యూటన్ షిల్లింగు సంగతి చివరికి అట్టేపెట్టాను. 1673లో ఆయన సొసైటీ నుంచి తప్పుకుంటానని రాశాడు. విమర్శలతో విసిగిపోయున్నాడు, డబ్బుకీ ఇబ్బందిగా ఉంది. 1675 జనవరి 28న కౌన్సిల్ ఆయన వారం చందా మాఫీ చేసింది. ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళకి, హుక్ చనిపోయిన ఏడాది, 1703 నవంబర్ 30న, అదే ఆండ్రూ పండగ ఎన్నికల్లో న్యూటన్ అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఆయన టంకశాల అధిపతి, నాణేల లెక్క తెలిసినవాడు. ఆయన హయాంలో బకాయిల వసూలు గట్టిగా మొదలైంది. 1710లో క్రేన్ కోర్టులో సొసైటీ తన మొదటి సొంతింటిని కొనుక్కుంది.