చెక్క ఇంటి కొటేషన్‌కు ప్రతిపదార్థం

జర్మనీలో కొత్తగా కట్టే విడి ఇళ్ళలో ఐదింటికి ఒకటికి పైగా ఫెర్టిగ్‌హౌస్‌లే. గోడలు, ఎక్కువగా చెక్కవి, ఫ్యాక్టరీలో తయారై, కిటికీలు బిగించుకుని లారీల మీద వస్తాయి. క్రేన్ పెట్టి రెండు మూడు రోజుల్లో నిలబెట్టి కప్పు వేసేస్తారు. ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. 1929లో పోట్స్‌డామ్ దగ్గరి కాపుట్‌లో ఐన్‌స్టైన్ కట్టించుకున్న వేసవి ఇల్లు చెక్క ఇల్లే. దాన్ని గీసిన కొన్రాడ్ వాక్స్‌మన్ నీస్కీ పట్నంలోని చెక్క ఇళ్ళ కంపెనీలో ఆరితేరినవాడు.

ఇప్పుడు స్టుట్‌గార్ట్, మ్యూనిక్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఇలాంటి కొటేషన్లు వస్తున్నాయి. అందరి కళ్ళూ చివరి పేజీలో ఉన్న ధర మీదే పడతాయి. అసలు సరుకు మధ్యలో నాలుగు పంక్తుల్లో ఉంటుంది. అవి ఇంచుమించు ఇలా నడుస్తాయి:

“బయటి గోడ: చెక్క ఫ్రేము 160 మి.మీ., మధ్యలో మినరల్ వూల్. బయట 60 మి.మీ. వుడ్ ఫైబర్ బోర్డు, ప్లాస్టర్. లోపల ఆవిరి పొర, 50 మి.మీ. వైరింగ్ పొర, జిప్సం బోర్డు. యూ-వాల్యూ 0.18. హీటింగ్: గాలి–నీరు హీట్ పంప్, ఫ్లోర్ హీటింగ్ 35/28. వేడిని తిరిగి పట్టే వెంటిలేషన్.”

పద్యానికి చెప్పినట్టే దీనికీ పదం పదం అర్థం చెప్పుకోవాలి. ఒక్కో పదం వెనక కొన్ని వేల యూరోలున్నాయి.

చెక్క ఫ్రేము 160 మి.మీ. నిలువు గుంజలు, వాటి మధ్య ఇన్సులేషన్. గుంజకూ గుంజకూ ఎడం మామూలుగా 62.5 సెంటీమీటర్లు. చెక్క సహజంగానే చలిని ఆపుతుందని బ్రోచర్లు చెబుతాయి. ఇటుకతో, కాంక్రీటుతో పోలిస్తే నిజమే. కానీ పక్కనే ఉన్న మినరల్ వూల్‌తో పోలిస్తే చెక్కలోంచి వేడి దాదాపు నాలుగు రెట్లు సులువుగా జారిపోతుంది. గుంజలు, మూలలు, కిటికీల చుట్టూ అడ్డకర్రలు అన్నీ కలిపి గోడలో చెక్క వాటా 15 శాతం అనుకుందాం. బయట ఇంకే బోర్డూ లేకపోతే, గోడగుండా పోయే వేడిలో మూడో వంతును ఆ 15 శాతమే మోసుకుపోతుంది. అందుకే అచ్చంగా దుంగలతో కట్టిన ఇల్లు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా లెక్కకు నిలవదు. 20 సెంటీమీటర్ల స్ప్రూస్ గోడ యూ-వాల్యూ (గోడలోంచి వేడి ఎంత పోతుందో చెప్పే అంకె) సుమారు 0.58. జర్మన్ భవన ఇంధన చట్టం నమూనాగా తీసుకున్న గోడకు అది 0.28.

మినరల్ వూల్. దీని బదులు సెల్యులోజ్ (పాత వార్తాపత్రికల తురుము) ఊదిస్తామనో, వుడ్ ఫైబర్ కూరుతామనో అంటారు. చలికాలపు లెక్కలో తేడా చిన్నది. మినరల్ వూల్ కాస్త ముందుంటుంది, దానికి నిప్పు అంటుకోదు. మిగతా రెండూ బరువైనవి కాబట్టి శబ్దాన్ని కొంచెం మెరుగ్గా ఆపుతాయి, ఎండ వేడి లోపలికి దిగడాన్ని ఆలస్యం చేస్తాయి. ఈ ఆలస్యం గురించి అమ్మేవాళ్ళు చాలాసేపు మాట్లాడతారు. కానీ బాగా కట్టిన ఇంట్లోకి వేసవి వేడి వచ్చేది ముఖ్యంగా కిటికీల్లోంచి. ఖరీదైన ఇన్సులేషన్‌కు పెట్టే డబ్బు ముందు కిటికీల బయట షట్టర్లకు పెట్టండి. రోహిణి కార్తె ఎరిగినవాళ్ళకు, ఎండను గాజు దాటకముందే ఆపాలని వేరే చెప్పక్కర్లేదు.

బయట 60 మి.మీ. వుడ్ ఫైబర్ బోర్డు. కొటేషన్ మొత్తంలో నాకు నచ్చే మాట ఇదే. ఇది గుంజల మధ్య కాక గుంజల మీదుగా గోడంతా పరుచుకుంటుంది, కాబట్టి చెక్కలోంచి జారే వేడికి అడ్డం పడుతుంది. లెక్క వేసి చూడండి. 160 మి.మీ. ఫ్రేము ఒక్కటే అయితే యూ-వాల్యూ 0.25 దగ్గర ఉంటుంది. గుంజలను 240 మి.మీ.కు పెంచితే 0.18. అలా పెంచకుండా 160కి బయట 60 మి.మీ. బోర్డు కలిపినా అదే 0.18. గోడ మాత్రం రెండు సెంటీమీటర్లు సన్నబడుతుంది. స్థలం కొలిచి కొనుక్కున్నచోట ఇది చిన్న విషయం కాదు: పది మీటర్ల చదరపు ఇంటికి గోడ ఆ రెండు సెంటీమీటర్లు మందమైతే ఒక్కో అంతస్తులో ముప్పావు చదరపు మీటరు పైచిలుకు పోతుంది.

వుడ్ ఫైబర్ బదులు థర్మోకోల్ వేసి ధర తగ్గిస్తామంటే అదీ పనిచేస్తుంది. వేడిని అది ఇంకాస్త బాగానే ఆపుతుంది. కాకపోతే ఆవిరిని అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు. గోడలో తడి చేరితే ఆరడం ఆలస్యం. చెక్క గోడకు నేనైతే వుడ్ ఫైబరే కోరతాను.

ఆవిరి పొర, 50 మి.మీ. వైరింగ్ పొర. ఎవరూ అడగని మాట ఇది. గోడ ఆయుష్షు తేల్చేదీ ఇదే. 20 డిగ్రీల గదిలో గాలి తేమ 50 శాతం ఉంటే, తొమ్మిది డిగ్రీల చల్లదనం తగిలేసరికి ఆ తేమ నీటి చుక్కలవుతుంది. చలికాలంలో గోడ బయటి సగం అంతకన్నా చల్లగానే ఉంటుంది. ఇంట్లోని తేమ అక్కడిదాకా వెళ్ళకూడదు. అందుకే లోపలి వైపు ఒక ప్లాస్టిక్ పొరో, అతుకులకు టేపు వేసిన ఓఎస్‌బీ (చెక్క పేళ్ళు అతికించి చేసిన) పలకో పెడతారు. పొరగుండా మెల్లగా ఇంకే ఆవిరి వల్ల పెద్ద బెడద లేదు. చిల్లు ఉంటే అందులోంచి గాలితోపాటు దూరే తేమ దానికి ఎన్నో రెట్లు. ఆ చిల్లులు ఎక్కువగా పెట్టేది కరెంటు పనివాడు; స్విచ్ బోర్డు బిగించడానికి పొర కోస్తాడు. పొరకూ జిప్సం బోర్డుకూ మధ్య 50 మి.మీ. ఖాళీ వదిలితే వైర్లు, పెట్టెలు అందులోనే సర్దుకుంటాయి, పొర జోలికి ఎవరూ పోరు. రేపు మీరు మేకు కొట్టినా అంతే. కొన్ని కంపెనీలు ఈ ఖాళీని ధర తగ్గించడానికి ఎగరగొడతాయి. ఒప్పుకోకండి.

పని ఎంత శుభ్రంగా జరిగిందో చూసే పరీక్ష ఒకటుంది, దాని పేరు బ్లోయర్ డోర్. తలుపులో ఫ్యాన్ పెట్టి, లోపలికీ బయటికీ 50 పాస్కల్ ఒత్తిడి తేడా తెచ్చి, గంటకు ఇంట్లోని గాలి ఎన్నిసార్లు మారుతోందో కొలుస్తారు. మెకానికల్ వెంటిలేషన్ ఉన్న ఇంటికి పరిమితి 1.5 సార్లు. అతి తక్కువ వేడితో నడిచేలా కట్టే పాసివ్ హౌస్‌కు 0.6. మంచి ఫ్యాక్టరీ గోడలతో ఒకటి లోపు రావాలి.

యూ-వాల్యూ 0.18. బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు గోడలోంచి ఎన్ని వాట్లు పోతాయో చెప్పే అంకె. తక్కువైతే మంచిది. ఈ అంకె దగ్గరే బేరం దారి తప్పుతుంది. పక్క కంపెనీ 0.14 ఇస్తానంటుంది, ధర పెంచుతుంది. 160 చదరపు మీటర్ల గోడ ఉన్న ఇంటికి, జర్మన్ వాతావరణంలో ఆ తేడా ఏడాదికి సుమారు 500 యూనిట్ల వేడి. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది కాబట్టి కరెంటు లెక్కలో అది 125 యూనిట్లు. యూనిట్ 30 సెంట్లనుకుంటే ఏడాదికి 40 యూరోలు. ఆ పాటి పొదుపు కోసం వేలు పోయడం బిల్లు లెక్కలో కిట్టదు.

మరి ఎందుకు కొంటారు? ఎఫిత్సియెన్త్స్‌హౌస్ 40 అనే ప్రమాణం కోసం. అది అందుకుంటే ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ తక్కువ వడ్డీకి అప్పిచ్చే పథకాల తలుపు తెరుచుకుంటుంది. అందుకోసం గోడలు, కప్పు, నేల, కిటికీలు అన్నిటి గుండా పోయే వేడి, చట్టం నమూనాగా తీసుకున్న ఇంట్లో పోయేదానిలో 55 శాతం మించకూడదు. మూడు గాజుల కిటికీ కూడా 0.8 దగ్గర ఉంటుంది, అంటే గోడకు నాలుగు రెట్లు పైగా వేడి పోగొడుతుంది. హాలు నిండా గాజు కావాలన్నవాళ్ళకు ఆ లోటు గోడలో పూడ్చాలి. 0.14 గోడ చాలాసార్లు ఆ గాజుకు కట్టే సుంకమే.

గాలి–నీరు హీట్ పంప్. బయటి గాలిలోని వేడిని పట్టి నీటిని వేడిచేస్తుంది. 2024 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణ కొత్త కాలనీల్లోని ఇళ్ళకు 65 శాతం పునరుత్పాదక వేడి ఉండాలన్నాక గ్యాస్ బాయిలర్ ఊసు కొటేషన్లలో దాదాపు లేకుండా పోయింది. ఇక్కడ అడగాల్సింది సైజు. 150 చదరపు మీటర్ల ఇలాంటి ఇంటికి బయట మైనస్ 12 ఉన్నప్పుడు కావలసింది దాదాపు 5 కిలోవాట్లు. “ఎందుకైనా మంచిది” అని 10 కిలోవాట్ల మిషన్ పెడితే అది మాటిమాటికీ ఆగి మొదలవుతూ కరెంటు తాగుతుంది, త్వరగా అరుగుతుంది. బయటి యూనిట్ ఎక్కడ పెడతారో కూడా చూడండి: మామూలు నివాస ప్రాంతంలో రాత్రిపూట పక్కింటి కిటికీ దగ్గర శబ్దం 40 డెసిబెల్స్ దాటకూడదు.

భూమిలో బోరు వేసే రకం ఇంకా తక్కువ కరెంటుతో నడుస్తుంది, కానీ ఇంత తక్కువ వేడి చాలే ఇంటికి ఆ బోరు ఖర్చు తిరిగి రావడం కష్టం. పైగా నేల స్వభావం తెలియాలి. 2007లో ష్టౌఫెన్ అనే ఊళ్ళో మునిసిపల్ ఆఫీసు కోసం వేసిన బోర్ల వల్ల కింది పొరలోని అన్‌హైడ్రైట్ అనే ఖనిజానికి నీళ్ళు తగిలి అది జిప్సంగా ఉబ్బింది. ఊరి నేల పైకి లేచి రెండు వందలకు పైగా ఇళ్ళు బీటలు వారాయి. చెక్క పొట్టు గుళికలు కాల్చే పెల్లెట్ బాయిలర్ పెద్ద పాత ఇళ్ళకు బాగుంటుంది. ఏడాదికి రెండు టన్నులు చాలే ఇంటికి దానికో గది, పొగగొట్టం, ఏటేటా శుభ్రం చేసేవాడు, ఇవన్నీ దండగ.

నేలలో గొట్టాలే లేకుండా, వెంటిలేషన్ గాలితోనే ఇల్లు వేడిచేసే పద్ధతిని కొన్ని కంపెనీలు చవగ్గా ఇస్తాయి. ఇంట్లోంచి బయటికి పోయే గాలి నుంచి వేడి పిండే ఈ మిషన్లు స్వీడన్‌లో ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. వాటి హద్దు భౌతికశాస్త్రంలోనే ఉంది. గంటకు 150 ఘనపు మీటర్ల గాలిని 30 డిగ్రీలు చల్లబరిచినా దొరికేది ఒకటిన్నర కిలోవాట్లు. కావలసింది ఐదు. లోటులో చాలా భాగం మామూలు కరెంటు హీటరే పూడుస్తుంది, జనవరి బిల్లు ఆ సంగతి చెబుతుంది.

ఫ్లోర్ హీటింగ్ 35/28. గొట్టాల్లోకి నీళ్ళు 35 డిగ్రీలతో వెళ్ళి 28తో తిరిగొస్తాయి. కొటేషన్‌లో అన్నిటికన్నా విలువైన అంకె నా దృష్టిలో ఇదే. నీటి వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే హీట్ పంప్ సామర్థ్యం రెండు నుంచి రెండున్నర శాతం పడిపోతుంది. రేడియేటర్లు పెట్టి 50 డిగ్రీల నీళ్ళు పంపితే, ఏడాదికి 7,000 యూనిట్ల వేడి కావలసిన ఇంటికి 600 యూనిట్లకు పైగా కరెంటు అదనం. దాదాపు 190 యూరోలు. 0.14 గోడ మిగిల్చే నలభై ఎక్కడ, ఇది ఎక్కడ! గొట్టాలు దగ్గర దగ్గరగా, 10 సెంటీమీటర్ల ఎడంతో పరిస్తే నీటి వేడి ఇంకా తగ్గించుకోవచ్చు. బాత్‌రూముల్లో ఇది తప్పనిసరి.

వేడిని తిరిగి పట్టే వెంటిలేషన్. బయటికి పోయే గాలి వేడిలో 80 శాతానికి పైగా లోపలికొచ్చే గాలికి అందిస్తుంది. ఇంత బిగుతైన ఇంట్లో తప్పదు. మన వంటకు మాత్రం ఇది చాలదు. పోపు పొగకు, వేపుళ్ళకు బయటికి గొట్టం ఉన్న చిమ్నీ కావాలి. అదే ఇంట్లో కట్టెల పొయ్యి కూడా పెడితే చిమ్నీ లాగే గాలికి పొయ్యిలోని పొగ గదిలోకి తిరగబడుతుంది. కిటికీ తెరిస్తేనే చిమ్నీ ఆన్ అయ్యే స్విచ్ అడగండి.

సంతకానికి ముందు కంపెనీ నుంచి నాలుగు రాతపూర్వకంగా తీసుకోండి: చెక్క వాటా కలిపిన గోడ యూ-వాల్యూ, గదులవారీ హీటింగ్ లెక్క, గొట్టాల్లోకి వెళ్ళే నీటి గరిష్ఠ వేడి, బ్లోయర్ డోర్ పరీక్షలో వాళ్ళు హామీ ఇచ్చే అంకె. ఆ పరీక్ష జిప్సం బోర్డులు మూయకముందే జరగాలని కూడా రాయించండి. తర్వాత చిల్లు దొరికినా దాన్ని మూయాలంటే గోడ విప్పాలి.