నల్లరేగడి మీద రెండు పరదేశపు బండ్లు

మద్రాసు-కలకత్తా రహదారి మీద చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు వస్తే మార్టూరు తగులుతుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు అది గుంటూరు జిల్లాలోనిది. 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. జిల్లాలు మారినా నేల మారలేదు. వేసవిలో నెర్రెలు విచ్చి, వానకు బంకగా సాగే ఈ పత్తి, మిరప మైదానంలో ప్రయాణసుఖమన్నది తారురోడ్డు మీద తేలే లెక్క కాదు. డొంకదారిలో తేలవలసిందే.

ఒక తరం ఎదుట అప్పుడు రెండు ఐరోపా బండ్లు నిలిచాయి. ఒకటి ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టి, 1955 నుంచి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు. రెండవది చెకొస్లొవేకియాలో పుట్టి, 1961 నుంచి మైసూరులో తయారైన జావా. స్థాపకుడు యానెచెక్, జర్మన్ సంస్థ వాండరర్, ఈ రెండు పేర్ల తొలి అక్షరాల కలయికే 'జావా'.

పాత మోటారు సైకిళ్ళకు వెనుక చక్రం చట్రానికి బిగిసి ఉండేది. గతుకుల దెబ్బకు అడ్డుపడేవి సీటు కింది స్ప్రింగులే. 1949 నాటి బుల్లెట్టు, 1954 నాటి జావా, రెండూ వెనుక చక్రానికి ఊగే చేతిని అమర్చుకున్నవే. కనుక నడుముకు దక్కిన ఊరటలో అవి దాయాదులు. భేదమంతా ఇంజనులో ఉన్నది.

బుల్లెట్టుది 346 సీసీల నాలుగు స్ట్రోకుల ఇంజను. నెమ్మదిగా తిరుగుతూనే బలంగా లాగుతుంది. బురదలో, వెనుక మనిషీ ముందు మూటా ఉన్నప్పుడు ఆ గుణమే ఆదుకుంటుంది. కాని బరువు హెచ్చు, వేగం పెరిగితే అదురు. కిక్కు కొట్టడంలో అదను తప్పితే కడ్డీ ఎదురుతన్ని కాలికి దెబ్బ తగిలేది. గేరు కుడికాలికి.

జావా 249 సీసీల రెండు స్ట్రోకుల బండి. తేలిక, మృదువు. గేరు కడ్డీయే కిక్కు కడ్డీ కూడాను. దానిని నొక్కితే క్లచ్చి దానంతట అదే విడిపోయే ఏర్పాటు ఉండేది. అయితే పెట్రోలులో నూనె కలపాలి, పొగ భరించాలి, ఖర్చు ఓర్చుకోవాలి.

నిత్యజీవితానికి ఏది మేలన్న ప్రశ్నకు చరిత్ర చిత్రమైన సమాధానం చెప్పింది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, గాంభీర్యమేమీ లేకుండానే, తక్కువ పెట్రోలుతో ఆ ప్రశ్నను కొల్లగొట్టుకుపోయింది. 1973 నుంచి యెజ్డీ పేరుతో సాగిన మైసూరు కర్మాగారం 1996లో మూతపడింది. ఇంగ్లండులో 1960లలోనే ఆగిపోయిన బుల్లెట్టు మాత్రం మద్రాసులో బ్రతికింది. 1993లో వచ్చిన డీజిలు బుల్లెట్టు చప్పుడెక్కువదైనా, ఇంధనపు పొదుపు కోరినవారిని ఆకర్షించింది.

2018లో జావా పేరు తిరిగి వచ్చింది, ఈసారి నాలుగు స్ట్రోకుల ఇంజనుతో. పాత పేరైతే దొరికింది గాని, రెండు స్ట్రోకుల ఆ పాత నడక మాత్రం తిరిగి రాలేదు. కేవలం నడుము సంగతే అడిగితే జావాకే ఓటు వేయవచ్చు. వానాకాలం, మూట, వెనుక కూర్చున్న మనిషి కూడా లెక్కలోకి వస్తే, మార్టూరు వంటి నేల మీద బుల్లెట్టే మొగ్గు.