ఒక క్యారట్ ఎంత వెడల్పు?

అమెరికాలో పెళ్లి ఖాయమైందని తెలిస్తే అందరి కళ్లూ ముందు అమ్మాయి వేలి మీదికే పోతాయి. రాయి ఎన్ని క్యారట్లని పైకి అడగని వాళ్లు కూడా మనసులో లెక్కేసుకుంటారు. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో కూడా నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం తొడిగే అలవాటు బాగా పెరిగింది, ఆ క్యారట్ల సంఖ్య మన ఊళ్లదాకా వెళ్తోంది. క్యారట్ చెప్పేది తూకం గురించి మాత్రమే. వేలి మీద రాయి ఎంత పెద్దగా కనిపిస్తుందో అది చెప్పదు. అయినా దానికి ఇంత పరువు ఎలా వచ్చిందో తెలియాలంటే ఈ దేశం చరిత్ర చూడాలి.

ముందు లెక్క. ఒక క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు. అందులో నూరో వంతును మన నగల షాపుల్లో సెంటు అంటారు, ఇక్కడ పాయింటు. ఒకప్పుడు ఒక్కో నగరానిది ఒక్కో క్యారట్. 1907లో తూనికలు, కొలతల అంతర్జాతీయ సభ 200 మిల్లీగ్రాములని ఖాయం చేసింది, అమెరికా 1913లో దానికి మారింది. చక్కగా చెక్కిన గుండ్రటి వజ్రం అర క్యారట్‌దైతే వెడల్పు సుమారు 5.1 మిల్లీమీటర్లు, ఒక క్యారట్‌దైతే 6.4 నుంచి 6.5, రెండు క్యారట్లదైతే 8.1. బరువు రెట్టింపైనా వెడల్పు నాలుగో వంతుకు కాస్త మించి పెరుగుతుందంతే, ఎందుకంటే ఆ బరువులో కొంత లోతుకు పోతుంది. ఆ లోతు ఉంగరం బిగింపులో దాగిపోతుంది. 90 సెంట్ల రాయిని సరిగ్గా చెక్కితే 6.2 మిల్లీమీటర్లు వస్తుంది. అదే ముడి రాయిని ఎలాగైనా క్యారట్ దాటించాలని అడుగు లోతుగా, నడుము మందంగా వదిలేస్తే 6.3 కూడా రాకపోవచ్చు. రెండూ పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టం, ధర మాత్రం క్యారట్ గీత దగ్గర ఒక్కసారిగా ఎగబాకుతుంది.

బరువు మీద ఈ మోజు చాలా పాతది. పల్నాడులో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిన మహా వజ్రాన్ని చెక్కి బరువు బాగా పోగొట్టినందుకు వెనిస్ పనివాడు హార్టెన్సియో బోర్గియోకు మొఘల్ చక్రవర్తి పదివేల రూపాయల జుల్మానా వేశాడని ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ రాశాడు. ఈ ఆలోచనకు ఎదురు నిలిచిన వాళ్లలో ముందు చెప్పుకోవలసిన వాడు బోస్టన్‌లో వజ్రాల పని చేసిన హెన్రీ మోర్స్. పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ఆయన బరువు తగ్గినా సరే, వెలుగు పెరగాలని పాత రాళ్లను మళ్లీ చెక్కాడు. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఆ కొలతలకు గణితం కట్టాడు. 1931లో పుట్టిన అమెరికా రత్నశాస్త్ర సంస్థ జీఐఏ 1950ల్లో తన గ్రేడింగ్ పద్ధతిని రూపొందించింది. నా దృష్టిలో వజ్రాల విషయంలో అమెరికా గర్వంగా చెప్పుకోవలసింది ఈ చెక్కుడు సంప్రదాయమే.

మరి జనం నోట క్యారట్టే ఎందుకు నిలిచింది? అంతా వజ్రాల కంపెనీ డీ బీర్స్ ప్రకటనల మాయ అనేవాళ్లున్నారు. 1938లో ఆ కంపెనీ ఎన్.డబ్ల్యూ. అయర్ ఏజెన్సీని పెట్టుకున్నది, వజ్రం శాశ్వతమన్న నినాదాన్ని ఫ్రాన్సెస్ గెరెటీ 1947లో రాసింది, 1980ల్లో రెండు నెలల జీతం ఉంగరానికి పెట్టాలన్న ప్రచారం సాగింది. ఇవన్నీ నిజమే. కానీ వజ్రాన్ని పట్టీ మీదికి లేపి ఆరు సన్నని కొక్కాల మధ్య నిలిపే టిఫనీ ఉంగరం 1886 నాటికే వచ్చింది. మార్గరెట్ బ్రినిగ్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకురాలు ఇంకో కారణం చూపించారు: పెళ్లి మాట తప్పిన మగవాడిపై దావా వేసే హక్కును 1935లో ఇండియానాతో మొదలుపెట్టి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఎత్తేశాయి, అప్పటినుంచి ఖరీదైన ఉంగరం మాటకు హామీగా నిలిచిందని. ఈ వాదన నాకు సబబుగా తోస్తుంది. హామీకి ఎవరికైనా అర్థమయ్యే సంఖ్య కావాలి. చెక్కుడు నాణ్యతను చెప్పడం కష్టం, క్యారట్‌ను చెప్పడం తేలిక.

బరువే నమ్మదగ్గ కొలత, రేపు అమ్ముకోవడానికైనా పనికొస్తుందని కొందరంటారు. బరువు ఖచ్చితమే, కానీ మిల్లీమీటర్లూ అంతే ఖచ్చితంగా జీఐఏ సర్టిఫికెట్‌లో బరువు పక్కనే ఉంటాయి. ఇక షాపులో కొన్న వజ్రాన్ని తిరిగి అమ్మబోతే కొన్న ధర రావడం అరుదు. 2018లో అమెరికా వాణిజ్య కమిషన్ తన మార్గదర్శకాల్లో వజ్రం నిర్వచనం నుంచి ‘సహజ’ అన్న మాట తీసేసింది, అంటే ల్యాబ్‌లో పెంచినదీ వజ్రమే. ల్యాబ్‌లో పెంచిన రాళ్ల ధరలు బాగా పడిపోయాక రెండు క్యారట్ల రాయి సామాన్యుడి వేలి మీదా కనిపిస్తోంది. ఆ సంఖ్య చూసి ఎవరి తాహతునైనా అంచనా వేయడం ఇప్పుడు కుదరదు.

అలాగని వెడల్పు ఒక్కటే చూసినా మోసపోతాం. వెడల్పు కోసం మరీ పల్చగా చెక్కిన రాయిలో కాంతి పైకి తిరిగిరాక అడుగునుంచి జారిపోతుంది, నడుమ గాజుముక్కలా వెలవెలబోతుంది. కోలగా ఉండే ఓవల్, మార్కీజ్ రాళ్లు అదే బరువుకు పెద్దగా కనిపిస్తాయి గానీ వాటి నడుమ సీతాకోక రెక్కల్లా నల్లటి నీడ పడే అవకాశం ఉంది. చిన్న రాళ్లు చుట్టూ పొదిగిన ఉంగరానికి ‘మొత్తం బరువు’ అని రాస్తే అందులో నడిమి రాయి ఎంతో విడిగా అడగాలి. గుండ్రటి రాయికి లోతు వెడల్పులో 59 నుంచి 62 శాతం మధ్య ఉంటే, చెక్కుడు ఎక్సలెంట్ అని ఉంటే, 90 సెంట్లదైనా సంతోషంగా కొనవచ్చు.