దిండు గలీబులు కుట్టగా మిగిలిన ముక్కలు



మా ఆఫీసులో ఒక పాత ప్రాజెక్ట్ ఉండేది. ఎవరు ఓపెన్ చేసినా "ఇదేం కోడ్‌రా బాబూ, అతుకుల బొంతలా ఉంది" అనేవాళ్ళు. నేనూ అన్నాను. ఉద్యోగం మానేసి వీడియోల్లోకి వచ్చాక, మొన్న నిజంగానే అతుకులతో ఒక దిండు గలీబు కుట్టడానికి కూర్చున్నా.

లెక్క సింపుల్. దిండు 16 అంగుళాలు. వరసకి 4 గళ్ళు, అలాంటివి 4 వరసలు. ఒక్కో గడి రెండు త్రికోణాలు కలిపి కుట్టినది. కుట్లన్నీ అయ్యాక గడి 4 అంగుళాలు కనబడాలి. చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి, ముందు గడి 4.5 అంగుళాలు ఉండాలి. అందుకే తెలిసినవాళ్ళు త్రికోణాల్ని కాస్త పెద్దగా కుట్టి, ఇస్త్రీ చేసి, స్కేలు పెట్టి ప్రతి గడినీ సరిగ్గా 4.5కి ట్రిమ్ చేస్తారు.

నేను ఆ స్టెప్ వదిలేశాను. ఒక వరసలో గడికి రెండు వీసాలు తగ్గింది. వీసం అంటే పదహారో వంతు, మన పాత లెక్క. 4 గళ్ళకి 8 వీసాలు, అంటే అర అంగుళం! పై వరస మూలలు కింది వరసతో కలవలేదు. కోడ్‌లో రౌండింగ్ ఎర్రర్ ఎలా పేరుకుపోతుందో, అచ్చం అలాగే.

దీని గురించి వెతుకుతుంటే ఇంకో దిండు గలీబు కథ దొరికింది. ఈ ఎపిసోడ్ అదే.

అమెరికాలో అలబామా రాష్ట్రం. అలబామా నది ఒకచోట బాగా వంపు తిరుగుతుంది. ఆ వంపులో, మూడు వైపులా నీళ్ళతో ఉన్న ఊరు జీస్ బెండ్. అక్కడి నల్లజాతి కుటుంబాల పూర్వీకులు పత్తి తోటల్లో బానిసలు. ఆ తోట యజమాని ఇంటిపేరు పెట్‌వే. ఇప్పటికీ ఊళ్ళో చాలామంది ఇంటిపేరు అదే.

1960ల్లో వీళ్ళు ఓటు హక్కు కోసం కదిలారు. 1962లో నది దాటించే ఫెర్రీ ఆగిపోయింది. జిల్లా ఆఫీసులన్నీ అవతలి ఒడ్డున ఉన్నాయి. ఫెర్రీ లేకపోతే రోడ్డు మీద దాదాపు గంట ప్రయాణం. మళ్ళీ ఫెర్రీ వచ్చింది ఎప్పుడో తెలుసా? 2006లో! ఓటుకి పేరు రాయించుకున్నందుకు కౌలు భూముల నుంచి వెళ్ళగొట్టిన కుటుంబాలూ ఆ ప్రాంతంలో ఉన్నాయి.

అలాంటి టైమ్‌లో, 1966లో, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. చలికి ఇంట్లో కుట్టుకునే బొంతల్నే అమ్మకానికి పెట్టారు. న్యూయార్క్‌లో వేలం వేశారు. తర్వాత పెద్ద షాపుల ఆర్డర్లు వచ్చాయి. ఆర్డర్ వచ్చిందంటే కండిషన్ కూడా వస్తుంది కదా. ప్రతి పీసూ ఒకే కొలత, ఒకే డిజైన్. ఇంట్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కుట్టినట్టు ఇక్కడ కుదరదు.

1972లో సియర్స్ అనే పెద్ద కంపెనీ వీళ్ళకి కార్డురాయ్ దిండు గలీబుల కాంట్రాక్ట్ ఇచ్చింది. కార్డురాయ్ అంటే గీతలు గీతలుగా ఉండే మందం బట్ట. గలీబులు కొలత ప్రకారం కత్తిరించాక ముక్కలు మిగిలేవి. వాటిని ఇళ్ళకి తెచ్చుకుని, పంచుకుని బొంతలు కుట్టుకున్నారు. మందం బట్ట మీద చిన్న చిన్న పూల డిజైన్లు రావు. అందుకే పెద్ద పెద్ద పట్టీలు, చతురస్రాలు. లైన్ వంకర పోతే పోనీ, ముక్క చాలకపోతే పక్కన ఇంకో రంగు అతుకు.

2002లో జీస్ బెండ్ బొంతల్ని హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకి వేలాడదీశారు. అందులో ఈ కార్డురాయ్ బొంతలూ ఉన్నాయి. 2006లో అమెరికా పోస్టల్ శాఖ జీస్ బెండ్ బొంతలతో స్టాంపులు వేసింది.

"చూశావా, కొలతలు వేస్ట్" అని నేను అనను. ఆ కొలత గలీబులే చాలామంది ఆడవాళ్ళ చేతికి జీతం డబ్బులు తెచ్చాయి. దిండు సైజు ఫిక్స్, కాబట్టి గలీబుకి కొలత తప్పదు. ఒంటి మీద కప్పుకునే బొంతకి ఆ రూల్ లేదు. రెండూ కుట్టింది ఆ ఊళ్ళ ఆడవాళ్ళే. కానీ మ్యూజియందాకా వెళ్ళింది మాత్రం ట్రిమ్ చేయగా మిగిలిన ముక్కలు.

ఇక నా సంగతి. అమ్మమ్మ పాత నూలు చీరలతో కుట్టిన బొంత మా ఇంట్లో ఉంది. కిందటేడు ఇల్లు మారేటప్పుడు, పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే అతనికి దాన్ని ఇచ్చేయబోయాను. అమ్మ గుంజుకుంది. ఈ ఎపిసోడ్ కోసం దాన్ని పరిచి టేపు పెట్టి కొలిచాను. ఏ రెండు ముక్కలూ సమానంగా లేవు. తగ్గిన ప్రతిచోటా ఒక సన్న పట్టీ వేసి సరిచేసింది. నేలమీద పరిస్తే ఎక్కడా ముడత లేదు. అమ్మమ్మ ఇప్పుడు లేదు, ఎలా కుదిరిందని అడుగుదామంటే.

నా గలీబు కుట్లు విప్పేశాను. ఈసారి ప్రతి గడీ 4.5కి ట్రిమ్ చేసి కుడతాను. మిగిలిన ముక్కలు మాత్రం పారేయను.

మీ ఇంట్లో బొంత ఉంటే, కుట్టినవాళ్ళు ఇంకా ఉంటే, ఈ ఆదివారం పక్కన కూర్చుని ఒక్కో ముక్కా ఏ చీరదో అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. మళ్ళీ కలుద్దాం!