‘కోర్స్’: ఒక మాట, కొన్ని గింజలు

జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలను ఇంగ్లీషు ప్రభుత్వ పత్రాలు చాలాకాలం ‘కోర్స్ గ్రెయిన్స్’ అన్నాయి. మనం ‘ముతక ధాన్యాలు’ అని తర్జుమా చేసుకున్నాం. ఈ మాట ఎక్కడిది?

ముతక అనే అర్థమున్న ‘కోర్స్’, చదువుల ‘కోర్స్’ ఇంగ్లీషులో పలకడానికి ఒకటే, స్పెల్లింగు వేరు. రెంటికీ మూలం ఒకటేనని నిఘంటుకారులు చెబుతారు. లాటిన్‌లో ‘కుర్సుస్’ అంటే పరుగు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి దారి, క్రమం, మామూలు వరస అయింది. మామూలు రకం బట్టను ‘కోర్స్’ అన్నారు. మామూలుది క్రమంగా నాసిరకం అయింది, తర్వాత మనుషుల మాటతీరుకూ అంటుకుంది. అంటే ఈ మాట మొదట తిట్టు కాదు. పేదలు కట్టేది, తినేది తక్కువదనే చూపు దాన్ని తిట్టుగా మార్చింది. మన ‘మోటు’ కూడా బట్టకూ మనిషికీ వాడే మాటే. ‘తృణధాన్యం’లోని తృణమంటే గడ్డి. తృణప్రాయం అంటే ఏమిటో అందరికీ తెలుసు.

మాటతో పాటు విలువ కూడా నడుస్తుంది. 2013 ఆహార భద్రతా చట్టం కిలో బియ్యానికి 3 రూపాయలు, గోధుమలకు 2, ముతక ధాన్యాలకు 1 రూపాయి అని రాసింది. అది సబ్సిడీ ధరే కావచ్చు, కానీ ఆ వరుసలో ఎవరి తిండి అడుగున ఉందో చూడాలి.

జహీరాబాద్ పల్లెల్లో దళిత మహిళా రైతుల పిలుపు వేరు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, పెద్దగా నీళ్లూ ఎరువులూ అడగకుండా మంచుకే పండే యాసంగి పంటలను ‘సత్యం పంటలు’ అంటారు. రేషన్‌లో బియ్యమే వస్తున్న కాలంలో, 1990లలో, తమ ఊళ్ల బీడు భూముల్లో జొన్న పండించి పేదలకు పంచారు. ఇంటింటా విత్తనాలు దాచారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ఈ గింజలకు ‘న్యూట్రి సిరియల్స్’ అని పేరు పెట్టింది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైంది. గింజకు గౌరవం దక్కినందుకు మాకు సంతోషమే. కానీ దాన్ని కాపాడిన చేతుల పేరు ఆ ప్యాకెట్ల మీద ఎక్కడుంది? గింజ మీద నుంచి ‘ముతక’ ముద్ర చెరిపితే చాలదు, దాన్ని పండించిన మనుషుల మీద నుంచీ చెరపాలి.